స్కాన్ ‘నార్మల్’ అన్నారా? ఇంటికి బయలుదేరకండి



మూతి వంకర పోయి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయిన మనిషిని తీసుకువస్తే మేము ముందుగా తలకు సి.టి. స్కాన్ తీయిస్తాము. కాసేపటికి ఇంటివారు కవరు పట్టుకుని వస్తారు. “స్కాన్ నార్మల్ అన్నారు సిస్టర్, ఇంక తీసుకుపోతాము” అంటారు. ఆ మాట వింటే నాకు గుండె ఝల్లుమంటుంది.

సి.టి. కూడా ఎక్స్‌రేతోనే పని చేస్తుంది. మామూలు ఎక్స్‌రే ఒక వైపు నుంచే తీస్తారు. ఇందులో ఎక్స్‌రే గొట్టం తల చుట్టూ తిరుగుతుంది. కంప్యూటరు ఆ లెక్కలన్నీ కలిపి, రొట్టెను ముక్కలుగా కోసినట్టు మెదడును పొరలు పొరలుగా చూపిస్తుంది. 1971లో ఇంగ్లండులో మొదటిసారి ఒక రోగికి ఈ స్కాన్ తీశారు. ఎముక తెల్లగా, నీరు నల్లగా, మెదడు బూడిదరంగులో కనబడతాయి.

పక్షవాతం ముఖ్యంగా రెండు రకాలు. మెదడులో రక్తనాళం చిట్లితే, కారిన రక్తం వెంటనే తెల్లటి మచ్చగా కనబడుతుంది. నాళంలో గడ్డ అడ్డుపడితే (ఎక్కువమందికి ఇదే) మొదటి గంటల్లో స్కాన్‌లో ఏ తేడా తెలియకపోవచ్చు. ఆ భాగం నల్లబడేది తరువాత. అందుచేత మొదటి స్కాన్‌లో డాక్టరుగారు ముఖ్యంగా చూసేది రక్తస్రావం ఉందా, లేదా అని. లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చునేమో ఆలోచిస్తారు. రక్తస్రావం ఉన్నవారికి అదే ఇంజెక్షన్ ప్రాణాంతకం. సాధారణంగా దీనిని నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, అదీ అందరికీ పనికిరాదు. అంటే ‘నార్మల్’ అన్న తరువాతే అసలు తొందర!

ఆ గంటలు మీరు చూసినప్పటి నుంచి కాదు, రోగి చివరిసారి బాగా ఉన్నప్పటి నుంచి లెక్క. రాత్రి పదింటికి బాగానే పడుకుని తెల్లవారి ఇలా లేస్తే, “పదింటికి బాగున్నారు” అని చెప్పండి. ఆలస్యం చేశారని తిడతామేమోనని కొందరు టైము తగ్గించి చెబుతారు. మేము తిట్టము. నిజం చెప్పండి.

ఫిలింను మీరే చూసి కంగారుపడకండి. అందులో కుడి వైపు కనబడేది రోగి ఎడమ వైపు. పైగా ఎడమ మెదడు దెబ్బతింటే పడిపోయేది కుడి చెయ్యి. ఇది తెలియక “స్కాన్ తప్పు తీశారు” అని మాతో గొడవపడినవారూ ఉన్నారు.

స్కాన్ అయ్యి డాక్టరుగారు చెప్పేవరకు ఆస్పిరిన్ మాత్ర వేయకండి. నోట్లో నీళ్ళు, కాఫీ పోయకండి. మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.