తేట నీటిలో దాగిన చేటు

శ్రావణ భాద్రపదాలలో బీచుపల్లి రేవున నిలబడి కృష్ణను చూచినవారికి ఆ నీరు తాగదగినదని తోచదు. ఎగువన జూరాల గేట్లు ఎత్తిన దినాలలో ఒండ్రు కలిసిన ప్రవాహం చిక్కబడి పారుతుంది. ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చిన యాత్రికులు దోసెడు నీళ్లు తలపై చల్లుకొని, దాహానికి మాత్రం సీసా నీటిని వెతుకుతారు. రేవుకు దూరంగా, రాతినేలను వందల అడుగుల లోతుకు తొలిచి వేసిన బోరు నీరో, అద్దంలా మెరుస్తుంది. చూచినవారందరూ దానినే మెచ్చుకుంటారు. ఈ రెండింటిలో ఏది ఇంటికి తెచ్చుకోదగినదో కన్ను చెప్పజాలదు. ఆ సంగతి తెలియడానికి వైద్యుడు, రసాయన శాస్త్రజ్ఞుడు, ఇంజనీరు ముగ్గురూ కలిసి పనిచేయవలసి వచ్చింది. ఆ కృషి మన తెలుగునేల మీదనే జరిగింది కాబట్టి గృహస్థులు దానిని తెలుసుకోవడం అవసరం.

కతక బీజం చేసే పని

బురద నీటిని తేర్చే ద్రవ్యాలను సుశ్రుతాచార్యులు ఏడింటిని చెప్పారు. కతకం, గోమేదకం, తామరదుంప, నాచు వేరు, వస్త్రం, ముత్యం, మణి అనేవి అవి. వీటిలో మొదటిదైన కతకమే మన చిల్లగింజ. కొన్ని సీమలలో ఇండుప గింజ అంటారు. మట్టికుండ లోపలి అంచున కొద్దిగా తడిచేసి, గింజను గంధంలా అరగదీసి, ఆపై నీరు పోసి రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లవారేసరికి బురద అడుగున పేరుకుంటుంది. పైతేటను వేరే పాత్రలోకి వంచుకోవాలి. నదీతీర గ్రామాలలోని పెద్దలకు ఇది చిరపరిచితమైన పద్ధతి.

ఇది ఎలా జరుగుతుంది? నీటిలో తేలే అతి సన్నని బంకమట్టి రేణువులన్నీ ఒకే జాతి విద్యుదావేశం కలిగి, ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉంటాయి. అందువల్ల అవి ఎంతసేపటికీ అడుగుకు చేరవు. చిల్లగింజలోని జిగురు పదార్థాలు, మాంసకృత్తులు ఆ రేణువులను కూడగట్టి బరువెక్కిస్తాయి. మునగ గింజకు కూడా ఈ గుణం కలదు. సూడాన్ దేశంలో నైలు నది ఒడ్డున స్త్రీలు అటువంటి గింజల పొడితో వరదనీటిని తేర్చుకోవడాన్ని గమనించి, 1970లలో శాస్త్రజ్ఞులు దానిని ప్రయోగశాలలో పరిశీలించారు. పట్టణాల నీటిశుద్ధి కేంద్రాలలో పటిక చేసేదీ ఇదే పని. అక్కడి రసాయనజ్ఞులు వరుసగా గాజుపాత్రలలో ఒకే నీటిని పోసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మోతాదు పటిక వేసి, ఏ పాత్రలో నీరు త్వరగా తేరుతుందో చూచి ఆ రోజు మోతాదును నిర్ణయిస్తారు. రోగిబలం, ఋతువు చూచి ఔషధమాత్రను నిర్ణయించే మన పద్ధతికి ఇది ఎంత దగ్గరో చూడండి.

అయితే చిల్లగింజ బురదను మాత్రమే దించుతుంది. తేరిన నీటిలో రోగక్రిములు మిగిలి ఉండవచ్చు. కనుక తేర్చిన తరువాత తెర్లేటట్లు కాచి చల్లార్చుకోవాలి. తేర్చడం, కాచడం రెండూ చేసినచో నదీజలం చాలవరకు నిర్దోషమవుతుంది.

తేరని దోషం

బోరునీటి దోషం వేరు. తెలంగాణలోను, రాయలసీమలోను నేల అడుగున విస్తారంగా ఉన్నది నల్లరాయి జాతి శిల. అందులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, సున్నపుపాలు తక్కువైన క్షారగుణపు నీరు, ఈ మూడూ కలిసినచోట ఆ శిల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. బోరు లోతుకు పోయినకొద్దీ నీరు ఆ శిలతో చిరకాలం కలిసి ఉన్నదై ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. చిల్లగింజకు లొంగదు. గుడ్డతో వడకట్టినా పోదు. కాచితే మరీ ప్రమాదం. ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి మరింత చిక్కబడుతుంది. "మేము కాచిన నీరే తాగుతున్నాము" అని ధీమాగా చెప్పే గృహిణులు ఈ ఒక్క మాటను బాగా గుర్తుంచుకోవాలి.

మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి. మరొక నీటి వసతి లేనిచోట 1.5 వరకు అనుమతించారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే మొదట పిల్లల పళ్లపై పసుపు, గోధుమ రంగు అడ్డగీతలు పడతాయి. ఆ తరువాత కీళ్లు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది. దీనినే ఫ్లోరోసిస్ అంటారు. భారతదేశంలో మనుషులలో ఈ వ్యాధిని మొదట గుర్తించి ప్రకటించినది 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ దొర, ఆయన సహచరులు. వారు చూచిన రోగులు నాటి నెల్లూరు జిల్లా, నేటి ప్రకాశం ప్రాంతపు పల్లెలవారు.

నల్లగొండ పరిశోధనలు

బీచుపల్లిని దాటిన కృష్ణ దిగువన శ్రీశైలం మీదుగా నల్లగొండ సీమను ఒరుసుకొని పారుతుంది. నది పక్కనే ఉన్నా ఆ జిల్లా లోపలి పల్లెలవారు బావినీటినే తాగి వంగిపోయారు. అక్కడ 1970 ప్రాంతంలో వైద్యులను కలవరపెట్టిన మరొక లక్షణం కనిపించింది. పన్నెండు, పదిహేనేళ్ల బాలుర మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుకునేవి, మడమలు ఎడమయ్యేవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఈ వ్యాధిని 1973లో లాన్సెట్ వైద్యపత్రికలో వివరించారు.

ఫ్లోరైడ్ ఎప్పటినుంచో ఉన్నదే కదా, ఈ కొత్త వంకర ఇప్పుడెందుకు వచ్చింది? సమాధానం కోసం పరిశోధకులు రోగి నుంచి అతని కంచానికి, కంచం నుంచి పొలానికి, పొలం నుంచి ఆనకట్టకు నడిచారు. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఊట వల్ల కొన్నిచోట్ల భూగర్భ జలమట్టం పైకి వచ్చి నేలలో క్షారగుణం పెరిగింది. అటువంటి నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే ధాతువు అధికంగా ఉన్నట్లు కనుగొన్నారు. మాలిబ్డినం శరీరంలోని రాగిని మూత్రం ద్వారా బయటకు తోస్తుంది. ఎదిగే ఎముకకు రాగి అవసరం. ఫ్లోరైడ్ ఒకవైపు, రాగి లోపం మరొకవైపు పనిచేసి జొన్నరొట్టె తినే పేదపిల్లల కాళ్లను వంచి ఉంటాయని వారు భావించారు. పొలాన్ని తడిపిన మంచిపనికే ఇటువంటి ఉపద్రవం అంటుకొని ఉండవచ్చునని ఆనకట్ట కట్టిన ఇంజనీరు ఎలా ఊహించగలడు? ఆహారం, దేశం, జలం మూడింటినీ విచారించనిదే వ్యాధి నిదానం పూర్తికాదని మన గురువులు చెప్పేవారు. వీరు చేసినది అచ్చంగా అదే.

ఇక చికిత్స. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు 1975లో ప్రకటించిన విధానానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరే స్థిరపడింది. నీటిలో తగుమాత్రం పటిక, సుమారు అందులో ఇరవయ్యోవంతు సున్నం కలిపి, మొదట వేగంగా, తరువాత మెల్లగా తిప్పి, కదపకుండా నిలిపితే పటిక నుంచి పుట్టిన తెల్లని పొరకల్లో ఫ్లోరైడ్ చిక్కుకొని అడుగుకు చేరుతుంది. అన్నీ పచారీ కొట్టులో దొరికే వస్తువులే. టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లిన పద్ధతి ఇది. కాని పటిక మోతాదు ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. తక్కువైతే ప్రయోజనం లేదు, ఎక్కువైతే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. అడుగు బురదను రోజూ జాగ్రత్తగా పారబోయాలి. ఈ ఓపిక లేకనే చాలాచోట్ల ఆ పద్ధతి మూలపడింది. కనుక పరీక్ష చేయించకుండా చిటికెడు పటిక వేసి ఫ్లోరైడ్ పోయిందనుకోవద్దు.

నదీజలాన్ని గొట్టాల ద్వారా తేవడమే శాశ్వత మార్గమని ఆ జిల్లా ప్రజలు పోరాడారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి నిలిచి తమ నీటి గోడును దేశానికి వినిపించారు. తరువాత కృష్ణాజలం అక్కడి పల్లెలకు క్రమంగా చేరసాగింది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ గొట్టాలు చాలామేరకు వాలును ఆధారం చేసుకొని పారేవే. ఊరూరి ఎత్తుపల్లాలను, గొట్టంలోని ఒత్తిడిని లెక్కగట్టడానికి కంప్యూటరే శరణ్యం. చేతితో వేస్తే ఎన్నేళ్లకు తెమిలే లెక్క అది!

చింతపండు మాట ఎంతవరకు నిజం?

చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతుందనే మాట పత్రికలలో వస్తూ ఉంటుంది. దీనికి ఆధారం ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ వారు 18 మంది ఆరోగ్యవంతులైన బాలురకు 18 దినాలు మధ్యాహ్న భోజనంతో రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చారు. అంతకుముందు రోజుకు సుమారు 3.5 మిల్లీగ్రాములు ఉన్న మూత్రంలోని ఫ్లోరైడ్ 4.8కి పెరిగింది. 2002లో ఈ ఫలితం ప్రకటించబడింది. పది గ్రాములంటే చిన్న ఉసిరికాయంత. మన చారులోను, పులుసులోను సహజంగా పడేదే.

దీనిని చదివి, వంగిన వెన్ను చారుతో నిలుస్తుందని భావించడం పొరపాటు. పరీక్షించినది ఆరోగ్యవంతులైన పిల్లలను, కొద్ది దినాలు మాత్రమే. ఎముకలో ఇదివరకే గట్టిపడిన దోషం కరిగినట్లు అందులో చెప్పలేదు. పరిశోధన చెప్పినంతమేరకే నమ్మడం వైద్యునికైనా, పాఠకునికైనా శ్రేయస్కరం. ఆమ్లపిత్తం లేనివారు చింతపండును ఆహారంగా నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. దానితోపాటు పాలు, మజ్జిగ, రాగులు, నువ్వులు, మునగాకు, ఉసిరి భోజనంలో ఉండాలి. సున్నపుపాలు, సి విటమిను చాలినంతగా ఉన్న శరీరం ఈ విషాన్ని కొంత తట్టుకుంటుంది.

మన వైద్యులకు ఒక మనవి. నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ అధికమని ఢిల్లీలో ఫ్లోరోసిస్‌పై దీర్ఘకాలం పరిశోధించిన ఆచార్య ఎ.కె. సుశీల హెచ్చరించారు. లవణభాస్కర చూర్ణంలో సౌవర్చల లవణం చేరుతుంది. ఫ్లోరైడ్ పల్లెల రోగులకు అటువంటి చూర్ణాలను నెలల తరబడి ఇవ్వకుండా, జీలకర్ర, శొంఠి, వాము వంటివాటితో దీపనకార్యం సాధించడం మేలు. వక్క, పాలులేని చిక్కని తేనీరు కూడా తగ్గించాలి.

ఇంట్లోనే గుర్తించడం

మోకాళ్లు వంచకుండా నడుము వంచి కాలివేళ్లను తాకగలరా? గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? చేతులు పక్కలకు చాచి, మడిచి, తలవెనుక పట్టుకోగలరా? వీటిలో ఏదైనా కష్టమైతే, పైగా పిల్లల పళ్లపై తోమినా పోని అడ్డగీతలుంటే, నీటిని అనుమానించాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు స్థిరదంతాలపై పింగాణీ పొర ఏర్పడుతూ ఉంటుంది కాబట్టి వారి విషయంలో ఆలస్యం తగదు. ఇటువంటి నొప్పులను కేవలం సంధివాతంగా తలచి ఏళ్లకేళ్లు తైలం మర్దిస్తూ అదే నీరు తాగే కుటుంబాలు ఉన్నాయి. తైలం నొప్పిని కొంత శమింపజేస్తుంది. బిగిసిన వెన్నును సడలించి పూర్వస్థితికి తెచ్చే మందు మాత్రం మా శాస్త్రంలోనూ లేదు, అల్లోపతిలోనూ లేదు. నీరు మార్చితే వ్యాధి ముదరడం ఆగుతుంది, తొలిదశలో నొప్పులు తగ్గుతాయి.

మార్చవలసినది తాగేనీరు, వంటనీరు రెండూ. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునేది ఆ నీటినే. స్నానానికి, బట్టలకు బోరునీరు వాడినా భయం లేదు. నల్లా నీరు రాని రోజులలో పాత బోరుకు మళ్లకుండా ఒకటి రెండు బిందెలు నిలువ చేసుకోవాలి. వాననీటిని శుభ్రమైన డాబా మీదినుంచి పట్టుకున్నా మంచిదే. యంత్రశుద్ధి నీరు కొనేవారు ఆ యంత్రపు పొరను సకాలంలో మార్చుతున్నారో లేదో విచారించాలి.

1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో ఒక కొలత సాధనాన్ని తయారుచేసిన నాటినుంచి ఈ పరీక్ష నిమిషాల పని అయింది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో చేయించుకోవచ్చు. నీటిని గాజుసీసాలో గాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. బోరును కొద్దిసేపు వదిలి, సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి బిగించాలి. చీటీపై ఊరు, బోరు లోతు, పట్టిన తేదీ రాయాలి. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్షించాలి, ఎందుకంటే ఒకే బోరులో ఋతువును బట్టి అంకె మారవచ్చు.