తియ్యటి మాటలు, రాని నీళ్లు

పోయిన ఆదివారం నాన్నతో కలిసి మియాపూర్‌లో ఒక ఫ్లాట్ చూడ్డానికి వెళ్లాను. పెట్టేది నాన్న పీఎఫ్ డబ్బు. ఏజెంట్ లిఫ్ట్‌లో మొదలుపెట్టిన మాటలు బాల్కనీ దాకా ఆపలేదు. "వంద శాతం వాస్తు సార్! ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఇవాళే అడ్వాన్స్ ఇచ్చేయండి."

నేను ఫోన్ తీశాను. నాన్న వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పారు. నీళ్లు రాలేదు. "కార్పెట్ ఏరియా ఎంత బాబూ? రెరా నంబర్ ఉందా?" అని అడిగారు. ఏజెంట్ మొదటిసారి ఆగాడు.

భగవద్గీత 17వ అధ్యాయం 15వ శ్లోకం ప్రకారం మాటకు నాలుగు పరీక్షలు: కంగారు పెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. మేం విన్నదాంట్లో తీపి ఒక్కటే ఉంది.

ఈసారి ఇల్లు చూసేటప్పుడు, "ఐదు నిమిషాలు మేమే చూసుకుంటాం అండీ" అనండి.