బడిపిల్లల చిరుతిండ్లు, చల్లని పానీయాలు - ఆయుర్వేద దృష్టి

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం ప్రాంతాల నుండి పిల్లలను చికిత్సకు తీసుకొని వచ్చే తల్లిదండ్రులు ఇటీవల తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యా, ఇంట్లో మేము ఎంత జాగ్రత్తగా పెట్టినా బడి దగ్గర వాడు కొనుక్కొని తినేది మా చేతిలో లేదు గదా! బడివారే దీనిని ఆపకూడదా?" అని. మరికొందరు ఇందుకు విరుద్ధంగా, "పిల్లవాడు ఏమి తినవలెనో చెప్పడానికి బడి ఎవరు? చదువు చెప్పితే చాలును" అంటారు. రెండు మాటలలోను కొంత సబబు లేకపోలేదు. శాస్త్రం ఏమి చెప్పినదో, నేటి చట్టం ఏమి చెప్పుచున్నదో, మన ప్రాంతపు పరిస్థితి ఎట్లున్నదో చూచి నిర్ణయించుకొనుట మేలు.

శరీరం ఆహారం వలన పుట్టినదని, రోగమూ ఆహారం వలననే పుట్టుచున్నదని చరకాచార్యులు చెప్పిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆహారం హితమా, అహితమా అని తేల్చడానికి ఆయన విమానస్థానంలో ఎనిమిది అంశాలు చెప్పినారు. ద్రవ్యం యొక్క ప్రకృతి, దానికి చేసిన సంస్కారం, సంయోగం, రాశి, దేశం, కాలం, తినే విధానం, తినే వ్యక్తి అనేవి ఆ ఎనిమిది. వీటిలో చివరిదైన తినే వ్యక్తి సంగతి ముందుగా చూద్దాము. ఇక్కడ తినేవాడు బాలుడు. బాల్యం కఫప్రధానమైన వయస్సు. ధాతువులు ఇంకా పరిపక్వం కాని ఆ దశలో మధురరసం అవసరమే; పాలు, అన్నం, గోధుమ, పండు అన్నీ మధురములే. మధురరసాన్ని శాస్త్రం నిందించలేదు, పైగా బలాన్ని, పుష్టిని ఇచ్చేదిగా మొదట నిలిపినది. కాని ఆ రసాన్నే అతిగా సేవించినప్పుడు ఏమగునో కూడ అక్కడే చెప్పినది: స్థూలత్వం, సోమరితనం, అతినిద్ర, అన్నంపై అయిష్టం, అగ్నిమాంద్యం, దగ్గు, పడిశం. ఈ జాబితాను ఒక ఆరవ తరగతి పిల్లవాని తల్లి ముందు చదివితే, "మా వానిని చూచి వ్రాసినట్లున్నదే" అనకుండా ఉండదు.

అన్నంపై అయిష్టం అన్న మాట వద్ద కొంచెం ఆగవలెను. నా వద్దకు వచ్చే పిల్లలలో సగానికి పైగా "ఆకలి లేదు, మందు ఇవ్వండి" అని వచ్చేవారే. పదిన్నరకు విరామంలో ఒక పొట్లం, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక చల్లని సీసా, సాయంత్రం బండి దగ్గర మరొకటి. మొదట తిన్నది జీర్ణం కాకముందే మరల తినడాన్ని శాస్త్రం అధ్యశనమన్నది. ఇట్టివానికి ఆకలి పుట్టించే చూర్ణం ఇచ్చుట, పచ్చికట్టెలు వేసి పొగ వచ్చుచున్నదని విసనకర్రతో విసరుటవంటిది. ముందు కట్టె మార్చవలెను.

ఇక రాశి, అనగా పరిమాణం. దీనిని నేటి లెక్కలలో చెప్పడం సులభం. సాధారణ కోలా పానీయంలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 10 నుండి 11 గ్రాముల చక్కెర ఉంటుంది. సీసా మీది చిన్న అక్షరాలలో ఎవరైనా చూచుకొనవచ్చును. అనగా 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాములు, అయిదారు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో విడిచక్కెరల నుండి వచ్చే శక్తి రోజు మొత్తంలో పదోవంతుకు మించరాదని, ఇరవయ్యోవంతుకు తగ్గితే ఇంకా మేలని చెప్పినది. ఎనిమిదేళ్ల పిల్లవానికి రోజుకు సుమారు 1700 కిలోకేలరీలు కావలెననుకొంటే, అందులో ఇరవయ్యోవంతు 85. అది 21 గ్రాముల చక్కెరతో సమానం. ఒక్క సీసాతోనే ఆ హద్దు దాటిపోయినది. పొద్దున పాలలో వేసినది, బిస్కెట్లలో ఉన్నది ఇంకా లెక్కలోనికి రాలేదు.

చరకుడు ప్రమేహానికి కారణాలు చెప్పుచూ కదలక కూర్చుండే సుఖాన్ని, నిద్రాసుఖాన్ని, బెల్లంతో చేసిన పదార్థాలను ఒకే వరుసలో పెట్టినాడు. ఇది పెద్దవారి వ్యాధి గదా అని పూర్వం అనుకొనేవారము. 2016-18 నడుమ దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో బడి వయస్సు పిల్లలలోను, కౌమారంలో ఉన్నవారిలోను సుమారు పదిమందిలో ఒకరికి మధుమేహానికి ముందు దశ కనిపించినది. ఇక అట్లు అనుకొనుటకు వీలు లేదు.

బడివారు ఆపవచ్చునా అన్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాము. ఆపవచ్చునా అని కాదు, ఆపవలెననియే చట్టం. ఢిల్లీ హైకోర్టులో 2010లో ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద 2015 మార్చిలో తీర్పు వచ్చినది. తరువాత కొన్నేళ్లకు, 2020 సెప్టెంబరులో, భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ బడిపిల్లల ఆహారానికై ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. అవి 2021 జూలై 1 నుండి అమలులో ఉన్నవి. వాటి ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాలను బడి క్యాంటీనులో గాని, హాస్టలు వంటశాలలో గాని, బడి గేటు నుండి ఏ దిక్కుననైనా 50 మీటర్ల లోపల గాని పిల్లలకు అమ్మరాదు. ఉచితంగా పంచరాదు. వాటి ప్రకటనలు పెట్టరాదు. ఈ సంగతి తెలుపుతూ గేటు వద్ద బోర్డు ఉంచవలెను. 2025 మే నెలలో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన బడులలో చక్కెర బోర్డులు పెట్టుమని ఆదేశించినది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉన్నదో పిల్లలకు కనబడేటట్లు వ్రాయడం దాని ఉద్దేశ్యం.

మీ పిల్లల బడి గేటు ముందు నిలబడి ఏబది పెద్ద అంగలు వేసి చూడండి. ఎన్ని దుకాణాలు తగిలినవో మీకే తెలియును. గేటు వద్ద ఆ బోర్డు ఉన్నదా అన్నది కూడ చూడండి. చట్టం ఉండుట వేరు, అది గేటు వరకు నడచి వచ్చుట వేరు. ఇతర దేశాలు కూడ ఈ త్రోవనే పట్టినవి. చిలీ దేశం 2016లో ఇట్టి పదార్థాల మీద నల్లని హెచ్చరిక ముద్ర వేయించి, బడులలో అమ్మకాన్ని నిషేధించినది. మెక్సికోలో 2025 మార్చి చివర నుండి బడులలో నిషేధం అమలైనది.

అయితే నిషేధం ఒక్కటే చాలునన్నవారితో నేను ఏకీభవించను. మన ప్రాంతపు సంగతి ప్రత్యేకమైనది. ఇది కర్మాగారాల నేల. రామచంద్రపురం నుండి రుద్రారం దాకా రహదారికి ఇరువైపుల షిఫ్టులలో పనిచేసే కుటుంబాలే ఎక్కువ. తెల్లవారుజామున తల్లిదండ్రులు ఇద్దరూ బయలుదేరిన ఇంట్లో పిల్లవాని చేతిలో పడేది డబ్బానిండ ఉప్మా కాదు, పది రూపాయల నోటు. ఆ నోటుకు వచ్చేది పొట్లమే. ఆ తల్లిని నిందించి ప్రయోజనం లేదు. ఆ పది రూపాయలకు గేటు దగ్గర మరొకటి దొరికేటట్లు చేయుటయే చేయదగిన పని.

రెండవది నీరు. 1980ల నుండి ఈ పారిశ్రామికవాడల వ్యర్థాలు నక్కవాగును, భూగర్భజలాలను ఎట్లు చెరచినవో ఇక్కడి పెద్దలకు చెప్పనక్కరలేదు. 1990లోనే ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు ఎక్కినది. తరువాత గోదావరి, మంజీరా నీరు గొట్టాలలో వచ్చినది గాని, "కుళాయి నీరు త్రాగకు" అని పిల్లలకు చెప్పే అలవాటు ఇండ్లలో నిలిచిపోయినది. నీటిమీద నమ్మకం లేని పిల్లవానికి దప్పిక వేస్తే మూత బిగించిన సీసాయే శుభ్రంగా తోస్తుంది. కనుక చల్లని పానీయాన్ని తీసివేసే బడి, ఆ స్థానంలో నమ్మదగిన మంచినీటిని ముందు పెట్టవలెను. శుద్ధియంత్రం గోడకు తగిలించి వదలక, దాని వడపోత ఎప్పుడు మార్చినారో తేదీ వ్రాయవలెను. ఈ పని చేయని బడికి నిషేధపు బోర్డు కట్టే అర్హత సగమే ఉన్నదని నా అభిప్రాయం.

గేటు ముందరి బండివాని జీవనం పోవును గదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. కాని నిబంధన బండిని తీసివేయమనలేదు, బండి మీది సరుకును గురించి చెప్పినది. జామకాయ, రేగుపండ్లు, ఉడికించిన పల్లీలు, పుట్నాలు, మక్కకంకి అమ్మేవాని జోలికి ఎవరూ పోనక్కరలేదు. 1972 నుండి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ పొలాలలో ప్రపంచానికంతటికీ పనికివచ్చే జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటల మీద పరిశోధన సాగుచున్నది. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో చిరుధాన్యాలను నిలబెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. ఇట్టి నేల మీద పెరిగే పిల్లవానికి పొట్లంలోని ఉప్పు గాలి తప్ప మరొకటి దొరకలేదనడం మనకు గౌరవం కాదు.

బెల్లం, తేనె వేసినది మంచిదని కొందరు భ్రమపడతారు. బెల్లంలో కొన్ని గుణాలు అదనంగా ఉన్నమాట నిజమే గాని, అధికభాగం చక్కెరయే. మా వైద్యంలోని లేహ్యాలలోనూ చక్కెర పాలు ఎక్కువే. వాటిని చెంచా లెక్కన ఇచ్చేది అందుకే. డబ్బామీద ఆయుర్వేదమని ఉన్నంత మాత్రాన పరిమాణం మరువరాదు. "ఆరోగ్య పానీయం" అన్న పేరును కూడ నమ్మవద్దు. ఆహార భద్రతా చట్టంలో అట్టి వర్గమే లేదని, ఆ పేరుతో అమ్మరాదని 2024లో కేంద్రప్రభుత్వం అంతర్జాల విక్రేతలకు తెలిపినది. విరేచనాలలో ఇచ్చే ఓఆర్ఎస్ పేరు పెట్టి తియ్యని పానీయాలు అమ్మే పద్ధతి మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా, 2025 అక్టోబరులో ఆ పేరు వాడకాన్ని నిషేధించినారు. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే ఉంటుంది. పెద్ద తరగతుల పిల్లలు పరీక్షల ముందు త్రాగే శక్తి పానీయాల సంగతి వేరు. వాటిలో కెఫీన్ ఉన్నందున పిల్లలకు తగదని వాటి సీసాల మీదనే వ్రాసి ఉంటుంది.

అలవాటుపడిన పిల్లవానిచేత మాన్పించుట ఎట్లు? అహితమైనది కూడ నిత్యం సేవించగా శరీరానికి సాత్మ్యమైనట్లు తోచును. దానిని ఒక్కసారిగా విడిపించరాదని, నాలుగవ వంతు చొప్పున అహితాన్ని తగ్గిస్తూ, అంతే భాగం హితాన్ని చేర్చుతూ పోవలెనని చరకుడు చెప్పినాడు. దీనినే పాదాంశిక క్రమమంటారు. రోజూ ఒక సీసా త్రాగేవానికి మొదటివారం ముప్పాతిక సీసా, మిగిలిన భాగానికి మజ్జిగ, ఆపై సగం, ఇట్లు నెలలో దిగవచ్చును. తిట్టి, దాచి మాన్పించినవాడు దొంగచాటుగా త్రాగును. ఈ నెమ్మది ఇంటికే గాని బడికి చెల్లదు. అలవాటు మాన్పించే పద్ధతి వేరు, అలవాటు చేసే అంగడిని తొలగించే పద్ధతి వేరు. అంగడిని నాలుగవ వంతు చొప్పున మూయనక్కరలేదు.

బడిలో పుట్టినరోజు చాక్లెట్లు, పోటీలో గెలిచినవానికి బహుమతిగా చాక్లెట్లు పంచే ఆచారం కూడ పోవలెను. పిల్లవానికి తీపే గౌరవమని నేర్పేది అక్కడే. ఒక పెన్సిలు ఇచ్చినా వాడు అంతే సంతోషించును.

పెట్టదగినవి కొన్ని. పెసలు, బొబ్బర్లు, శనగలు రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి, కొంచెం ఉప్పు, నిమ్మరసం కలిపిన గుడాలు. షిఫ్టుకు పోయే తల్లి కూడ పావుగంటలో చేయగలదు. జొన్నపేలాలు, పుట్నాలు కలిపి డబ్బాలో పోసి ఉంచితే వారం నిలుచును. రాగి పిండి రెండు చెంచాలు నీటిలో కలిపి కాచిన జావను చల్లార్చి, మజ్జిగ చేర్చి ఇవ్వవచ్చును. మజ్జిగ విషయంలో ఒక మాట: వేసవిలో చిక్కని, పులిసిన తక్రం పనికిరాదు. ఆ పూట తోడుకొన్న పెరుగు ఒక భాగానికి నాలుగు భాగాల నీరు పోసి బాగా చిలికి, వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి, సైంధవ లవణం చిటికెడు చొప్పున వేసి ఇవ్వవలెను. పడిశం, దగ్గు ఉన్న రోజులలో మాని, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీరు ఇవ్వండి.

చివరగా ఉపాధ్యాయులు గమనించవలసిన మినహాయింపు ఒకటి. ఇన్సులిన్ సూదిమందు మీద ఉన్న మధుమేహ బాలునికి రక్తంలో చక్కెర హఠాత్తుగా తగ్గినప్పుడు చెమట, వణుకు, మాట తడబాటు కనిపించును. అప్పుడు తీపి వానికి మందు. అట్టి పిల్లవాని సంచిలోని చక్కెరను, బిస్కెట్లను నియమం పేరుతో లాగుకొనరాదు. స్పృహలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజు నీటిలో కలిపి వెంటనే త్రాగించి, పావుగంట తరువాత మరల పరీక్షించవలెను. స్పృహ తప్పితే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తరలించవలెను. ఇట్టి విద్యార్థి ఉన్న తరగతిలో బల్ల సొరుగులో ఒక గ్లూకోజు పొట్లం ఎల్లప్పుడు ఉండవలెను.