పెద్ద అంగడి వెలయు, పల్లె కొట్టు పద్దును

బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరునకు పద్దు, నిల్వ, బాకీ యను మాటలు క్రొత్తవి కావు. వర్తకము కూడ కాయకమే యనియు, జీవనమునకు మించినది దాసోహమునకు చేరవలె ననియు శరణుల అభిమతము. ఈ దృష్టితో నెల్లూరు తీరమున నేటి అంగళ్ళ తీరు నొకింత పరిశీలింపవచ్చును.

మైపాడు, కోడూరు మొదలగు గ్రామములవారు నెలసరి వెచ్చములకై బస్సెక్కి నెల్లూరులోని పెద్ద అంగళ్ళకు పోవుచున్నారు. అచ్చట పంచదార, నూనె, కందిపప్పు చౌక. ఈ మూడింటి ధర ప్రతి గృహిణికిని కంఠస్థము. కనుకనే వానిపై లాభము తగ్గింతురు. సబ్బులు, బిస్కెట్లు, ప్లాస్టిక్ సామానుల ధర ఎవరికిని గుర్తుండదు. తగ్గినది అక్కడ పూడును. బియ్యము, పప్పు హాలు చివర నుంచుట కూడ ఇందులకే. నడచిన మేర చేయి ఊరకుండదు గదా! కంటికెదురైన అరలో తమ సరకు నిలుపుటకు కంపెనీలు సొమ్ము చెల్లించుట కలదు. అదియు అంగడి రాబడియే. పొట్లముపై ముద్రించిన గరిష్ఠ ధరను మించి అమ్మరాదని చట్టము. ఎంత తగ్గించి అమ్మవలెనో వర్తకుని యిష్టము.

కొనువాడే సరకు నెత్తి తెచ్చుకొను పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ ప్రవేశపెట్టెను. దీనివలన గుమాస్తాల జీతము మిగులును. ఆ పని కొనువాడు జీతము లేక చేయును. 1997లో చెన్నైలో పుట్టిన సుభిక్ష సుమారు 1,600 కొట్లకు పెరిగి, చేతిలో డబ్బాడక 2009లో మూతపడెను. 2002లో ముంబయిలో మొదలైన డీమార్ట్ మాత్రము ఎక్కువగా సొంత కట్టడములలోనే అంగళ్ళు పెట్టి, సరకిచ్చినవారికి త్వరగా సొమ్ము చెల్లించి ధర తగ్గించుకొనెను. ఆ చౌక దయవలన వచ్చినది కాదు. అద్దె మిగులుటవలన వచ్చినది. అయినను చౌక చౌకయే. రసీదిచ్చుట, చెడిన వస్తువును మార్చి యిచ్చుట పల్లె కొట్లలో అరుదని కూడ ఒప్పుకొనవలెను. సంచికి వేరుగా వెల కట్టుట మాత్రము తగవులకు దారితీసెను. ముందుగా తెలుపక అట్లు వసూలు చేయుట అక్రమ వ్యాపారమని 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పెను.

అసలు చిక్కు వేసవిలో తెలియును. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. ప్రభుత్వ సహాయము 2025లో 10,000 నుండి 20,000 రూపాయలకు పెరిగినను, అది ఇంటి ఖర్చంతటికిని చాలదు. పెద్ద అంగడి గల్లాపెట్టెకు ముఖపరిచయము లేదు. రొక్కమున్నవానికే అచ్చట వస్తువు. అప్పుడు పల్లె కొట్టే దిక్కు. ఆ కొట్టువాడు పద్దు వ్రాసికొని బియ్యము, నూనె ఇచ్చును. వేట సాగిన పిదప బాకీ తీరును.

ఈ అరువును దాసోహమని భ్రమపడరాదు. కిలోకు అదనముగా వేసిన రూపాయలే దానికి వడ్డీ. అయినను ఆ రూపాయలు రొక్కపు నెలలలో కూడ వచ్చినప్పుడే వేసవి బాకీని మోయుటకు అతనికి శక్తి. పడవలు సాగు నెలలలో ఇంటివారు నెల్లూరు బస్సెక్కి, నిషేధకాలమున మాత్రము అతని గుమ్మమున నిలిచిరేని, అతనికి మిగులునది బాకీల పుస్తకమే. టోకు వర్తకుడు అతనికి సరకు అరువీయడు. ఇంటివారిని తప్పుపట్టుట తగదు. నూనె మీద మిగిలిన పది రూపాయలు పిల్లవాని నోటుపుస్తకమునకు వచ్చును.

కొందరు పల్లె వర్తకులు తామే పట్టణపు పెద్ద అంగడికి పోయి, అచ్చటి తగ్గింపు ధరకు పంచదార, నూనె కొని తెచ్చి కొట్టులో నమ్ముదురు. అట్టి అంగళ్ళలో ఒక్కొక్క బిల్లునకు ఇన్ని పొట్లములే యని పరిమితి కట్టుట కలదు. అందుచేత ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని పోయి, వేరువేరు వరుసలలో నిలుపుచుందురు.