ప్రశ్నలు - జవాబులు: పేరు చెప్పి కాదు, కొలత చెప్పి అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పాత సైకిళ్ల సంగతే ఎక్కువ. మిద్దె మీదో, పశువుల కొట్టంలోనో పడి ఉన్న బండిని మళ్లీ రోడ్డెక్కించాలని ఇంతమంది అనుకుంటున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే ఈ పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్ర: మా తాత రాలీ సైకిలు ఉంది. వెనక హబ్బులోనే మూడు గేర్లు. ఏళ్ల తరబడి తొక్కకుండా పెట్టేశాం. ఇప్పుడు తొక్కితే రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య పెడలు ఉత్తగా తిరుగుతోంది. బీబీ (పెడళ్ల మధ్య ఇరుసు తిరిగే చోటు) కూడా ఊగుతోంది. అంగడాయన “ఈ హబ్బు సామాన్లు యాడా దొరకవు, పీకేసి మామూలు హబ్బు వేసుకో నాయనా” అంటున్నాడు. ఏం చేయమంటారు?
– బైరాగిపట్టెడ, తిరుపతి

జ: పీకేయించవద్దు. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ హబ్బు అయి ఉండాలి. హబ్బు ఒంటి మీద మట్టి తుడిచి చూడండి. ఏడబ్ల్యూ అన్న అక్షరాలు, దగ్గరలోనే తయారైన సంవత్సరం, నెల సూచించే అంకెలు కనిపిస్తాయి. 1936లో వచ్చిన ఈ హబ్బు దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు. కాబట్టి 1950లలో చేసిన హబ్బుకు 1970ల నాటి హబ్బులోని సామాను చాలావరకు సరిపోతుంది. ఆ కంపెనీని 2000లో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ కొన్నది. గేరు మార్చే ట్రిగ్గరు, కేబులు, ఇరుసులోకి దిగే చిన్న ఇండికేటర్ చైను ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి.

అయితే మీకు అసలు సామాను అవసరమే పడకపోవచ్చు. పెడలు ఉత్తగా తిరగడం చాలాసార్లు కేబులు సర్దుబాటు లోపమే. రెండో గేరులో పెట్టి, కుడివైపు నట్టుకు ఉన్న కంతలోంచి చూడండి. ఇండికేటర్ కడ్డీ భుజం ఇరుసు చివరతో సమానంగా ఉండాలి. లోపలికో బయటికో ఉంటే కేబులు బిగించండి, లేదా వదులు చేయండి. ఇక ఏళ్ల తరబడి ఆగిన హబ్బులో పాత నూనె బంకలా గడ్డకడుతుంది. హబ్బు మీది చిన్న మూత తీసి కిరోసిన్ పోసి, చక్రం బాగా తిప్పి, ఒక రాత్రి పక్కకు వాల్చి ఉంచండి. మరుసటి రోజు ఆ మురికి వంచేసి, పలచటి ఇంజన్ ఆయిలు రెండు చెంచాలు పోయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, అదే మళ్లీ బంకవుతుంది. ఇంత చేసినా జారుతుంటే అప్పుడు విప్పాలి. సర్దుబాటు అయ్యేదాకా నిలబడి తొక్కవద్దు. గేరు జారితే మనిషి నేరుగా బారు మీద పడతాడు.

బీబీ సంగతి జాగ్రత్తగా వినండి. మన దగ్గర అమ్మే బీబీ కప్పుల మరకు అంగుళానికి 24 పళ్లు. నాటింగ్‌హామ్ రాలీ బళ్లలో ఎక్కువవాటికి 26. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేములోని మర తినేస్తుంది, అది పోతే బండి పోయినట్టే. అందుకే పాత కప్పులు గుంతలు పడకుండా ఉంటే అక్కడే ఉండనివ్వండి. గోళీలు మాత్రం మార్చండి: పావు అంగుళం గోళీలు, పక్కకు 11. పంజరంలో బిగించి వచ్చేవి కాకుండా విడి గోళీలే గ్రీసు పెట్టి పేర్చమనండి. క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే 9.5 మిల్లీమీటర్లు. అది ఏ పల్లెటూరి అంగట్లోనైనా దొరుకుతుంది. ఏటవాలు ముఖాన్ని మాత్రం ఆకురాయితో సరిచేసుకోవాలి. పాత పిన్నును కొట్టేటప్పుడు క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం నిలబెట్టమనండి. లేకపోతే సుత్తి దెబ్బ కప్పుల మీద పడి గుంతలు పెడుతుంది.

ప్ర: మా నాయన కువైట్ నుంచి తెచ్చిన ప్యూజో రేసు సైకిలు ఉంది. పది గేర్లు. వెనక డిరైలర్ ప్లాస్టిక్కు పగిలిపోయింది. బీబీ కప్పు, పెడళ్లు కూడా మార్చాల్సి వస్తోంది. తిరుపతిలో, చిత్తూరులో అడిగితే ఏదీ సరిపోలేదు.
– పీలేరు

జ: సరిపోకపోవడం అంగళ్ల తప్పు కాదు. 1980ల మొదటి వరకు వచ్చిన ఫ్రెంచి సైకిళ్లలో చాలావాటి మరలు ప్రపంచంలో మిగతావాటికి భిన్నం. బీబీ కప్పు కొలత 35 మిల్లీమీటర్లు, మర మెట్టు 1 మిల్లీమీటరు, రెండు వైపులా కుడిచేతి మరే. మన కప్పు సుమారు 34.8, కుడివైపుది ఎడమచేతి మర. ఇక్కడే ప్రమాదం. కుడివైపు కప్పు అసలు ఎక్కదు గానీ, ఎడమవైపుది ఒకటి రెండు చుట్లు చక్కగా తిరుగుతుంది. సరిపోయిందనుకుని మెకానిక్కు పానా పెట్టి బిగిస్తాడు. అంతటితో ఫ్రేము చెడుతుంది. కాబట్టి అంగట్లో బండి వదిలి రావద్దు, పక్కనే నిలబడండి. వెర్నియర్‌తో కొలిపించి, ఆ కొలత ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. అమెరికాలో ఫిల్ వుడ్ కంపెనీ ఫ్రెంచి మరతో కప్పులు చేస్తుంది. ఖరీదు ఎక్కువ, పార్సెల్‌కు కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది. బంధువులెవరైనా అటునుంచి వస్తుంటే చెప్పి తెప్పించుకోవడం మేలు. అంతకంటే ముందు పాత కప్పులనే శుభ్రం చేసి కొత్త గోళీలు వేసి చూడండి. సగం జబ్బు అక్కడే పోతుంది.

పెడలు మర 14 మిల్లీమీటర్లు, మనది అంగుళంలో పదహారింట తొమ్మిది వంతులు, అంటే 14.3. తేడా తక్కువ కాబట్టి క్రాంకుకు ట్యాపు వేయించి మన కొలతకు పెంచవచ్చు. క్రాంకులో మర కోయించడానికి నాకు అభ్యంతరం లేదు, అది పోతే ఇంకో క్రాంకు దొరుకుతుంది. ఫ్రేములో మాత్రం కోయించవద్దు, ఎవరెంత నమ్మకంగా చెప్పినా సరే.

డిరైలర్ విషయంలో మీకు మంచి వార్త. సింప్లెక్స్ కంపెనీవాళ్లు అప్పట్లో డెల్రిన్ అనే ప్లాస్టిక్కుతో చేసేవారు, అది ఇన్నేళ్లకు పగలడం మామూలే. పిల్లల గేరు సైకిళ్లకు వచ్చే షిమానో టూర్నీ డిరైలర్ చాలా గేరు సైకిళ్ల అంగళ్లలో ఉంటుంది. ఇరుసు గాడిలో బిగించే పట్టీతో వచ్చే రకం అడగండి. ప్యూజో తక్కువ ధర మాడళ్లలో చాలావాటికి ఇలాంటి పట్టీయే ఉండేది. మీ గేరు మీటలు క్లిక్కులు లేని పాత రకం కాబట్టి దేనితోనైనా పనిచేస్తాయి. పగిలిన సింప్లెక్స్‌ను పారేయకుండా డబ్బాలో దాచండి.

ప్ర: నా రేసు సైకిలు టైరు మీద 27 × 1¼ అని ఉంది. అంగట్లో 28 × 1½ ఉంది, వేసుకోవచ్చా?
– పలమనేరు

జ: వద్దు, ఘాట్ రోడ్డు దిగేవాళ్లు అసలే వద్దు. అంగుళాల లెక్క నమ్మకండి. టైరు అంచున చిన్న అక్షరాల్లో ఉండే మూడంకెలు చూడండి. మీది 630. అంగట్లో ఉన్న ఆ పెద్ద సైకిలు టైరు 635, అది మీ రిమ్ములో వదులై గాలి పెట్టగానే బయటికి వస్తుంది. కెండా, పానారేసర్ కంపెనీలు 630 టైర్లు చేస్తాయి, ఒకేసారి రెండు తెప్పించుకోండి. లేదా 700సీ చక్రాలకు మారండి. వాటి కొలత 622, ఈ రోజుల్లో హైబ్రిడ్ సైకిళ్లలో చాలావాటికి అదే కాబట్టి టైర్లకు కొదవ లేదు. బ్రేకు రబ్బరు 4 మిల్లీమీటర్లు కిందికి దిగగలదో లేదో చక్రాలు కొనకముందే చూసుకోండి. బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవారికి ఈ బాధ లేదు. వారి 26 × 1⅜ టైరు, అంటే 590, ఇంకా దొరుకుతోంది.

ప్ర: దొరకని సామాను లేతులో చేయించుకోవచ్చు కదా? లేదంటే చెన్నై పుదుపేటకు వెళ్లాలా?
– చిత్తూరు

జ: వాషర్లు, బుష్‌లు, సీటు గొట్టానికి మధ్యలో వేసే రేకు తొడుగు లాంటివి లేతులో నిశ్చింతగా చేయించండి. కోన్లు, బీబీ ఇరుసు వద్దు. గోళీ తిరిగే చోట ఇనుము గట్టిపరిచి ఉండాలి. మామూలు కడ్డీ నుంచి తిప్పిన కోను కొన్నాళ్లకే గాడి పడుతుంది. పుదుపేట మోటారు బళ్ల సామాన్లకు పేరుపడిన చోటు, సైకిలు కోసం అంత దూరం పోవద్దు. మన దేశంలో సైకిలు సామాను ఎక్కువగా చేసేది లూధియానా. అక్కడి సరుకు మీ ఊరి హోల్‌సేల్ అంగట్లోనే ఉంటుంది. మీరు “రాలీ కోను” అని అడిగితే లేదంటారు. పాత కోను చేతిలో పెట్టి “దీనికి జోడీ ఇవ్వండన్నా” అంటే నాలుగు డబ్బాలు తీసి వెతుకుతారు.

ప్ర: మా మామగారు ఒకప్పుడు బాడుగ సైకిళ్ల అంగడి నడిపేవారు. ఆయన పోయాక రేకు పెట్టెల్లో సామాన్లు అలాగే ఉన్నాయి. కాగితం కూడా విప్పనివి చాలా ఉన్నాయి. పాత ఇనుము కింద కేజీల లెక్కన అడుగుతున్నారు. ఇచ్చేయమంటారా?
– పుత్తూరు

జ: దయచేసి ఇవ్వకండమ్మా. పైన రాసినవాళ్లంతా వెతుకుతున్నది ఇలాంటి పెట్టెల కోసమే. మన పట్నాల్లో బాడుగ అంగళ్లు మూతపడ్డాక ఆ సామాను చాలావరకు కాటా మీదికే పోయింది.

ముందుగా కాగితాలు, అట్టపెట్టెలు పారేయకండి. దేనికి సరిపోతుందో చెప్పేవి అవే. నీళ్లతో కడగకండి, పొడిగుడ్డతో తుడిచి కొద్దిగా నూనె రాయండి. లూధియానా సామాను, ఇంగ్లండు ముద్ర ఉన్న సామాను వేరు చేయండి. అసన్‌సోల్‌లో తయారైన సేన్ రాలీ సామాను మూడో కుప్ప. మొదటి కుప్పకు అంగటి ధర మించి రాదు. రెండో కుప్పలో స్టర్మీ ఆర్చర్, బ్రూక్స్ అన్న పేర్లు కనిపిస్తే తొందరపడి ధర చెప్పకండి. కప్పులుంటే మెకానిక్కును పిలిచి మర కొలిపించి, 24 పళ్లా 26 పళ్లా అన్నది డబ్బా మీద రాయించండి. ఆ ఒక్క అంకె కోసమే చాలామంది ఊళ్లు తిరుగుతున్నారు.

ముందు చక్రం హబ్బు ఒకటి డోలులా లావుగా, బరువుగా, పక్కన వైర్ల మొనలతో కనిపిస్తే అది డైనోహబ్. లైటుకు కరెంటు పుట్టించేది. దాన్ని మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి. లోపలి అయస్కాంతాన్ని తీగచుట్ట నుంచి బయటికి లాగితే దాని బలం తగ్గిపోతుంది, మళ్లీ అమర్చినా లైటు మునుపటిలా వెలగదు.