పరమాణువంత అయస్కాంతం

అయస్కాంతానికి తెలుగులో 'సూదంటురాయి' అనే చక్కని మాట ఉంది. సూదిని అంటుకొనే రాయి అని దాని అర్థం. సంస్కృత పదంలో కొంత శృంగారం కూడా ఉంది. 'అయస్సు' అంటే ఇనుము, 'కాంతం' అంటే ప్రియమైనది. కాళిదాసు కుమారసంభవంలో బ్రహ్మ దేవతలకు ఒక ఉపాయం చెబుతాడు. అయస్కాంతం ఇనుమును లాగినట్లు ఉమాసౌందర్యంతో శివుని మనస్సును లాగమంటాడు. కవులు ఆకర్షణను చూసి ఆనందించారు. శాస్త్రజ్ఞుల ప్రశ్న వేరు: ఆ రాతిని ముక్కలు చేసుకొంటూ పోతే ఎంత చిన్న ముక్కలో అయస్కాంతత్వం నిలుస్తుంది?

ఎలక్ట్రానుకు 'స్పిన్' అనే సహజగుణం ఉంది. దానివల్ల ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి అయస్కాంతమే. చాలా పదార్థాలలో ఎలక్ట్రాన్లు జంటలుగా చేరి ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకొంటాయి. ఇనుము, కోబాల్టు, నికెల్ లోహాలలో కొన్ని జంటకూడక మిగిలిపోతాయి. పొరుగు పరమాణువులతో కలిసి ఒకే దిశకు తిరుగుతాయి. ముక్క మరీ చిన్నదైతే ఈ ఐకమత్యం చాలదు. తిరునాళ్ళ తోపులాటలో గుంపుగా చేతులు పట్టుకొన్నవారు నిలుస్తారు, ఒంటరివాడు కొట్టుకుపోతాడు. ఇక్కడ ఆ తోపులాట పేరు వేడిమి. కొద్ది నానోమీటర్ల రేణువులో అది ధ్రువాలను తారుమారు చేస్తుంది.

ఇది కేవలం తాత్త్వికచర్చ కాదు. కంప్యూటర్ హార్డ్ డిస్కులో సున్నా, ఒకటి అనే గుర్తులు అయస్కాంత దిశలుగానే నిలుస్తాయి. 2012 నాటి డిస్కులో ఒక్కొక్క గుర్తుకు సుమారు పది లక్షల పరమాణువులు కావలసివచ్చేవి. దిశ తారుమారైతే దాచుకొన్న సమాచారం పోయినట్లే.

ఒంటరి పరమాణువుకు రక్ష ఏది? అది కూర్చున్న ఉపరితలమే. అక్కడ పరమాణువుకు క్రింద ఇరుగుపొరుగు ఉంటుంది, పైన శూన్యం. ఈ అసమానత వల్ల దాని అయస్కాంతత్వం ఏదో ఒక దిశను గట్టిగా పట్టుకోగలదు. నేనైతే దీనిని 'దిగభిమానం' అంటాను. ప్లాటినం మీది ఒంటరి కోబాల్టు పరమాణువులలో ఈ గుణం ఎంత బలమైనదో 2003లో వెల్లడైంది.

ఇంత చిన్నవాటిని చూడడానికి సాధనం స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు. బిన్నిగ్, రోరర్ అనే శాస్త్రజ్ఞులు దీనిని 1981లో జ్యూరిక్ సమీపంలోని ఐబిఎం ప్రయోగశాలలో నిర్మించారు. 1986లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. దీని సూదిమొన ఉపరితలాన్ని తాకదు. నడుమనున్న సందులోనుంచి ఎలక్ట్రాన్లు దూరిపోతాయి. మొనకు అయస్కాంతత్వం ఉంటే, క్రిందనున్న పరమాణువు స్పిన్ దిశను బట్టి విద్యుత్తు హెచ్చుతగ్గులవుతుంది. సూదంటురాయి కథలో సూది మళ్ళీ ప్రవేశించింది!

ఈ సూదితోనే 2012లో ఐబిఎం పరిశోధకులు పన్నెండు ఇనుప పరమాణువులను ఆరేసి చొప్పున రెండు వరుసలుగా పేర్చారు. వాటిలో ప్రక్కప్రక్క పరమాణువులు పరస్పరం వ్యతిరేక దిశలలో ఉంటాయి. అటువంటి పదార్థాలను యాంటీఫెర్రో అయస్కాంతాలంటారు. వాటిని వివరించి 1970లో నోబెల్ బహుమతి పొందిన లూయీ నీల్, అవి సిద్ధాంతానికే గాని ప్రయోజనానికి కొరగావని భావించాడు. కాని బయటికి బలం చూపని ఆ గుణమే ఇక్కడ ఉపకరించింది. ఒక గుర్తును మరొక గుర్తు చెంతనే పేర్చినా అవి కలహించుకోలేదు. తొంభైఆరు పరమాణువులలో ఒక బైట్ సమాచారం ఇమిడింది.

తరువాత ఒక్క పరమాణువే చాలునని తేలింది. మెగ్నీషియం ఆక్సైడు పలుచని పొరమీద ఉంచిన హోల్మియం పరమాణువు తన దిశను నిలుపుకొంటుందని 2016లో కనుగొన్నారు. ఆ పొర క్రిందిలోహపు ఎలక్ట్రాన్ల అలజడినుంచి దానిని కాపాడుతుంది. 2017లో అటువంటి రెండు పరమాణువులపై వేర్వేరుగా వ్రాసి, చదివి చూపారు.

అయితే ఇదంతా అతిశీతలస్థితిలో జరిగిన పని. 2016 ప్రయోగంలో హోల్మియం జ్ఞాపకశక్తి 30 కెల్విన్ల వరకు, అంటే సున్నాకు దిగువ 243 డిగ్రీల సెల్సియస్ వరకే కనిపించింది. మన తరగతి గది 300 కెల్విన్లు. రసాయన శాస్త్రజ్ఞులు వేరే దారి పట్టి, ఒక డిస్ప్రోసియం పరమాణువును అణువు నడుమ బంధించి, 2018లో 80 కెల్విన్లకు చేరారు. ద్రవనైట్రోజన్ మరిగేది 77 కెల్విన్ల వద్ద. ఖరీదైన ద్రవహీలియం లేకుండానే ఆ చల్లదనాన్ని సాధించవచ్చు.