జలాశయము, చెఱువు, ఝిల్: ఒక అర్థపరిశీలనము

కోల్‌కతాకు హుగ్లీనది ఆవలిగట్టున, హౌరా జిల్లాయందు, సంత్రాగాఛి రైలునిలయము నానుకొని విశాలమైన నీటితావొకటి కలదు. వంగభాషలో దానిని ఝిల్ అందురు. శీతకాలమున అచ్చటికి నీటిపక్షులు వేలకొలదిగా చేరును. అందు ఈలవంటి కూతగల చిన్నబాతులే హెచ్చు. వానిని చూచుటకు నగరవాసులు వత్తురు. ఈ ఝిల్ శబ్దమును తెనిగింపబూనిన వానికి జలాశయము, చెఱువు అను రెండు మాటలు ముందుగా తోచును. కాని యవి ఏకార్థకములు కావు.

జలాశయము తత్సమము. ‘పరుండు’ అను నర్థముగల శీ ధాతువునుండి ఆశయశబ్దము పుట్టినది. కావున నీరు విశ్రమించు చోటు జలాశయము. అమరకోశము దీనిని జలాధారశబ్దముతో చేర్చి నీటితావులకు సామాన్యనామముగా చెప్పి, అగాధమైనదానిని హ్రదమని వేఱుచేసినది. నేటి తెలుగున ఈ మాట అర్థసంకోచమునొంది, ఆనకట్ట వెనుక నిలిచిన నీటికే ప్రాయికముగా చెల్లుచున్నది.

చెఱువు దేశ్యము. కన్నడమున కెఱె, మలయాళమున చిఱ దీనికి జ్ఞాతిపదములు. తాలవ్యాచ్చునకు ముందున్న ప్రాచీన కకారము తెలుగున చకారమగుట ప్రసిద్ధము. తమిళమున చిఱై యను పదమునకు బంధనము, కట్ట అను రెండర్థములును గలవు. తెలుగున చెఱ యను మాటయు నీ కుదురులోనిదే. కావున చెఱువనగా నీటికి విధించిన చెఱ.

తూర్పుకనుమల అడవులలో మాచ్‌ఖండ్ నదిపై నిర్మింపబడిన జలాపుట్ జలాశయము ఈ భేదమునకు తార్కాణము. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి విద్యుత్పథకమునకు అది ఆధారము. ఆ పథకమున 1955లో విద్యుదుత్పత్తి మొదలైనది. విహారార్థులకు అది కొండలనడుమ నిదురించు నీరు. జలాశయశబ్దమునకు తగిన దృశ్యమే. కాని నదిని కట్టివేయుటయు, గిరిజనుల పల్లెలు మునుగుటయు ఆ శబ్దమున వినబడవు. చెఱువను మాట ఆ నిర్బంధమును మఱువనీయదు.

సంత్రాగాఛిలో ఏటికి అడ్డుకట్ట లేదు; కావున అది చెఱువు కాదు. నేటి రూఢినిబట్టి జలాశయమును కాదు. అచ్చట నీరు నిశ్చింతగా పరుండునదియు కాదు. గుఱ్ఱపుడెక్క అంతటను క్రమ్మినచో పక్షులకు నీరు కఱవగును. ఆసాంతము తొలగించినచో వ్రాలుటకు తావు కఱవగును. అందుచే చలికాలమునకు ముందు దానిని తీసివేయుచు, కొన్ని దిబ్బలను మాత్రము పక్షులకై తేలనిత్తురు. అట్టి తావును కొలను అనుట ఉచితము. అందు కట్ట ధ్వనింపదు. నిఘంటుకర్తలు నీటితావులనన్నిటిని జలాశయమను నొక్కమాటతో సరిపుచ్చినచో, ఒకచోట మునిగిన పల్లెలును, వేఱొకచోట మానవుని ఏటేటి శ్రమయు భాషనుండి మఱుగుపడును.